పెళ్లి భోజనం, అదనపు మాత్ర, అలసిన కణం

పెళ్లిళ్ల రోజుల్లో నెల్లూరులో ఏ మందుల దుకాణం దగ్గరైనా కాసేపు నిలబడండి. "గ్లిమిపిరైడ్ ఇంకో షీటు ఇవ్వండి, రేపు భోజనాలున్నాయి" అనే మాట వినపడుతుంది. గ్లిమిపిరైడ్ అంటే షుగరు జబ్బుకు వేసుకునే మాత్ర. మలై కాజాలు రెండు తిని, మాత్ర ఒకటి ఎక్కువ వేసుకుంటే లెక్క సరి అని మన ధీమా. రక్తంలోని అంకె వరకు సరిపోవచ్చు కూడా, కళ్లు తిరిగి పడిపోకపోతే. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణం సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

ఈ కణానిది విచిత్రమైన ఉద్యోగం. రక్తంలో గ్లూకోజు ఎంత పెరిగితే అంత ఎక్కువగా కాలుస్తుంది, ఎందుకంటే దాని కొలబద్ద అదే. గ్లూకోకైనేజ్ అనే ఎంజైము గ్లూకోజును పట్టుకుంటుంది. కణంలోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలో, కణానికి ఇంధనమైన ఏటీపీ తయారవుతుంది. ఏటీపీ పెరగగానే కణం పొరలోని పొటాషియం దారులు మూసుకుంటాయి, కాల్షియం లోపలికి వస్తుంది, ఇన్సులిన్ బయటికి వెళుతుంది. గ్లూకోజు ఆ దారులను మూయిస్తుందని 1984లో చూపినవారిలో బ్రిటన్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆష్‌క్రాఫ్ట్ ఒకరు. గ్లిమిపిరైడ్ ఏటీపీ కోసం ఆగదు, నేరుగా వెళ్లి దారి మూసేస్తుంది.

అల్లూరు వైపు రొయ్యల రైతు, మేత ఎంత తిన్నాయో చూసేందుకు చెరువులో దింపిన చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలి ఉంటే ఆ పూటకు తగ్గిస్తాడు. లేకపోతే మేత అడుగున కుళ్లి, ఆక్సిజన్ పడిపోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరిగినా రొయ్య తేలిపోతుంది. బీటా కణానికి చెక్ ట్రే లేదు. పైగా ఆ మంటలో పుట్టే హానికర పదార్థాలను అణచే కాటలేజ్ వంటి ఎంజైములు దానిలో మరీ తక్కువ.

2022లో ఆష్‌క్రాఫ్ట్ బృందమే ఆక్స్‌ఫర్డ్‌లో ఇంకో ముడి విప్పింది. కణాన్ని దెబ్బతీసేది గ్లూకోజు కాదు, అది విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే పదార్థాలట. గ్లూకోకైనేజ్‌ను కాస్త నెమ్మదింపజేస్తే, చుట్టూ చక్కెర ఎక్కువగా ఉన్నా కణం పని నిలుపుకుంది. ఇది ఎలుకల కణాల్లో తేలిన విషయం, మనకు మందుగా రావడానికి చాలా దూరం ఉంది. అయినా నాకు ఇందులో కనిపించేది ఒకటే: కణాన్ని తరిమేకంటే దాని మీది బరువు దించాలి, అదీ తొలి ఏళ్లలోనే. బ్రిటన్‌లో 2017లో వెలువడిన 'డైరెక్ట్' అనే అధ్యయనంలో, జబ్బు బయటపడి ఆరేళ్లు దాటనివారికి కొన్ని నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారమే ఇచ్చారు. ఏడాదికి 46 శాతం మందికి మాత్రలు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది.

మన దగ్గర షుగరు అనగానే కొర్రలు కొంటారు. మంచిదే, కానీ కంచంలో కొర్రన్నం కూడా గుట్టే. డాక్టరును అడగకుండా మాత్ర మానమని నేననడం లేదు, పెంచుకోవద్దనే అంటున్నాను.

కావలిలో ఒక మిత్రుడి ఫైలు చూశాను. పదకొండేళ్ల రిపోర్టులు. గ్లిమిపిరైడ్ 1 మిల్లీగ్రాము, తరువాత 2, తరువాత 4, చివరి కాగితంలో ఇన్సులిన్ సూది. క్లోమం సొంతంగా ఎంత ఇన్సులిన్ చేస్తోందో చెప్పే సి-పెప్టైడ్ పరీక్ష ఆ కాగితాల్లో ఒక్కసారీ లేదు.