బిల్లుకు నిమిషాలు, కేసు షీటుకు వారాలు

కావలి నుంచి తల్లిని చికిత్స కోసం చెన్నైకి తీసుకొచ్చిన ఒక కుమారుడు మొన్న మా కార్యాలయానికి వచ్చారు. పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్, మూడు రోజుల్లో ఇంటికి పంపిస్తామని చెప్పారట. తొమ్మిదో రోజున ఐసీయూ నుంచి మృతదేహాన్ని అప్పగించారు. ఏమి జరిగిందని అడిగితే ‘ఇన్ఫెక్షన్’ అన్న ఒక్క మాటే సమాధానం. ఆయన చేతిలో రెండు కాగితాల కట్టలున్నాయి. ఒకటి పదిహేడు పేజీల బిల్లు. ఏ పూట ఎన్ని సూదులు వాడారో, ఎన్ని జతల చేతి తొడుగులు విప్పారో, దూదికి ఎంతయిందో అందులో వరుసగా ఉంది. రెండోది పేజీన్నర మరణ సారాంశం. కేసు షీటు (రోజువారీ చికిత్స రాసే ఫైలు), నర్సుల చార్టు, ఆపరేషన్ నోట్సు, మత్తు డాక్టరు రాసుకున్న వివరాలు కావాలని ఆయన రాతపూర్వకంగా అడిగారు. రికార్డుల విభాగం లీగల్ విభాగం దగ్గరకు పంపింది. లీగల్ విభాగం పెద్ద డాక్టరు సంతకం కావాలంది. పెద్ద డాక్టరు సెలవులో ఉన్నారు. పన్నెండో రోజున ఒక అధికారి ఆయనను పక్కకు పిలిచి, కట్టవలసిన మిగతా బిల్లు వదిలేస్తాం, ఇకపై మాకు ఏ ఫిర్యాదూ లేదని ఇక్కడ సంతకం చేయండి అన్నారు.

ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ తల్లి మరణానికి వైద్యుల నిర్లక్ష్యమే కారణమని కూడా మేము అనడం లేదు. మాకు తెలియదు. ఆమె కుమారుడికీ తెలియదు. తెలియజేయగలిగిన కాగితాలు ఆ ఆసుపత్రి బీరువాలోనే ఉన్నాయి. పదిహేడు పేజీల బిల్లును నిమిషాల్లో ముద్రించి ఇవ్వగలిగిన కంప్యూటర్, అదే తొమ్మిది రోజుల వైద్యాన్ని పన్నెండు రోజులైనా ఎందుకు ముద్రించి ఇవ్వలేకపోయిందన్నదే మా ప్రశ్న.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలి. రోగి గానీ, అధీకృత ప్రతినిధి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన. రికార్డులు త్వరగా వెతికి ఇవ్వడానికి వీలుగా వాటిని కంప్యూటరీకరించాలని కూడా అందులోనే ఉంది. 2023 ఆగస్టులో ఆ మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళి ప్రకటించి, డాక్టర్ల అభ్యంతరాలతో ఆ నెలలోనే పక్కన పెట్టింది కాబట్టి నేటికీ అమల్లో ఉన్నది 2002 నాటి నియమమే. రెండు దశాబ్దాలు దాటిన 72 గంటల మాట అది. నగరంలోని ఎన్ని ఆసుపత్రుల గోడల మీద అది రాసి ఉంది? ‘వైద్య సిబ్బందిపై దాడి శిక్షార్హం’ అన్న బోర్డు మాత్రం ప్రతి అంతస్తులోనూ కనిపిస్తుంది. ఆ బోర్డు ఉండవలసిందే. దాని పక్కన రెండోది కూడా ఉండాలి.

వైద్యుల వాదన వైద్యులకు ఉంది. ప్రతి మరణమూ నిర్లక్ష్యం కాదు, 2024 నవంబరులో గిండీలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక రోగి కుమారుడు డాక్టరును కత్తితో పొడిచిన ఘోరం తర్వాత వారి భయాన్ని ఎవరూ తేలికగా తీసుకోలేరు. కానీ తప్పు చేయని డాక్టరును కాపాడే మొదటి సాక్షి కూడా కేసు షీటే. దానిని దాచిపెట్టి అనుమానాన్ని పెంచుతున్నది ఎవరు?

బాధితులకు దారులు లేవని చెప్పడం తప్పు. 1995లో సుప్రీంకోర్టు భారతీయ వైద్య సంఘం కేసులో, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తేల్చింది. ఆ డబ్బును బీమా కంపెనీ కట్టినా, ఉద్యోగం ఇచ్చిన సంస్థ కట్టినా రోగి వినియోగదారుడే. 2019లో కొత్త చట్టం వచ్చాక వైద్యం దాని పరిధిలో లేదని వాదించినవారికి 2022లో అదే న్యాయస్థానం తలుపు మూసింది. ఇక పొరుగు రాష్ట్రం నుంచి వచ్చే మనవారు తప్పక తెలుసుకోవలసిన మాట ఒకటుంది. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన ఈ చట్టం కింద ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు. చెన్నై ఆసుపత్రి మీద నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, చిత్తూరు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వాయిదా వాయిదాకూ రైలెక్కి సెంట్రల్‌లో దిగి లాడ్జీ వెతుక్కోనక్కర లేదు. ఆసుపత్రికి చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయలు మించకపోతే జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ఈ సంగతి తెలియక, తమిళనాడులో జరిగింది కాబట్టి తమిళనాడులోనే తిరగాలనుకుని వదిలేసినవారు ఎంతమందో!

కానీ ఆ ఫిర్యాదుకు జతచేయవలసిన మొదటి కాగితం ఏమిటి? కేసు షీటు. వకీలు దగ్గరకు వెళితే ఆయన అడిగే మొదటి మాట కూడా అదే. వేరే డాక్టరుకు చూపించి తప్పు జరిగిందో లేదో తెలుసుకోవాలన్నా అదే కావాలి. ప్రతి కేసుకూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది నిజమే. మలేరియా ఉన్న భార్యకు టైఫాయిడ్ చికిత్స చేశారని పోరాడిన హైదరాబాదు భర్తకు జిల్లా ఫోరం ఇచ్చిన 2 లక్షల పరిహారాన్ని ఆ తీర్పే నిలబెట్టింది. అయితే ఏ మందు ఇచ్చారో, ఏ మందు ఇవ్వలేదో చెప్పే కాగితం లేకుండా అంత మాత్రం తేలేదా?

పోలీసు దారిలోనూ ఇదే అడ్డం. సుప్రీంకోర్టు 2005లో ఇచ్చిన జేకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవాలంటే నిర్లక్ష్యం తీవ్రమైనదై ఉండాలి. దర్యాప్తు అధికారి ముందుగా మరో వైద్యుడి, వీలైతే ప్రభుత్వ వైద్యుడి నిష్పాక్షిక అభిప్రాయం తీసుకోవాలి. ఆ వైద్యుడు దేనిని చూసి అభిప్రాయం చెప్పాలి? మళ్లీ ఆ బీరువాలోని కాగితాలనే. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవారికి ఐదేళ్ల వరకు జైలు అని చెబుతూ, చికిత్స చేస్తున్న రిజిస్టర్డ్ వైద్యులకు దానిని రెండేళ్లకు పరిమితం చేసింది. ఆ రక్షణ మీద మాకు పేచీ లేదు. రక్షణ అడిగి పుచ్చుకున్నవారు 72 గంటల బాధ్యతను ఎందుకు మరిచారన్నదే పేచీ.

ఇక్కడ మనవారి పొరపాటు ఒకటి చెప్పక తప్పదు. ఊళ్లో అందరూ ఎదురు చూస్తున్నారని, చీకటి పడకముందే సరిహద్దులోని తడ దాటాలని హడావుడిగా అంబులెన్సు మాట్లాడుకుంటారు. పోస్టుమార్టం అంటే శవాన్ని కోయించడమేనా అని పెద్దలు వారిస్తారు. తెల్లవారేసరికి దహనం అయిపోతుంది. ఆ తర్వాత మిగిలేది ఆసుపత్రి చెప్పిందే వినడం. అనుమానం ఉంటే అదే పూట దగ్గరి పోలీసు స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి పోస్టుమార్టం అడగాలి. దుఃఖంలో ఉన్నవారికి ఇది కఠినమైన మాటే. అయినా బీరువాలోని కాగితం రానప్పుడు ఆసుపత్రి చేతిలో లేని సాక్ష్యం అదొక్కటే.

ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరిస్థితి మరీ దుర్బలం. అందరికీ ఉచితమైన చోట రోగి వినియోగదారుడు కాడు. సివిల్ దావా వేయాలి, లేదా హైకోర్టులో రిట్ వేయాలి, లేదా మానవ హక్కుల కమిషన్‌కు మొర పెట్టుకోవాలి. 2022 నవంబరులో చెన్నైలో కాలి ఆపరేషన్ తర్వాత బిగించిన కట్టు వల్ల కాలు పోయి, ఆ పైన ప్రాణమే పోయిన ఫుట్‌బాల్ క్రీడాకారిణి విషయంలో ప్రభుత్వం వెంటనే కదిలింది. డాక్టర్లను సస్పెండ్ చేసింది, కుటుంబానికి 10 లక్షలు ప్రకటించింది. రాష్ట్రమంతా చూస్తున్నప్పుడు జరిగిన పని అది. ఎవరూ చూడని వార్డులో చనిపోయినవారి ఇంటికి ఎవరు వచ్చారు?

ఇప్పుడు వైద్య మండలి సంగతి. 72 గంటల నియమాన్ని ఉల్లంఘిస్తే శిక్షించవలసింది రాష్ట్ర వైద్య మండలే. కానీ మండలి చేయి డాక్టరు రిజిస్ట్రేషన్ వరకే పోతుంది, ఆసుపత్రి యాజమాన్యం దాకా పోదు. బీరువా తాళం మాత్రం యాజమాన్యం దగ్గరే ఉంది. ఫైలు ఇవ్వవద్దన్నది ఒకరు, నోటీసు అందుకునేది మరొకరు. దీనిమీద మరొక అన్యాయం. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 30వ సెక్షన్ రాష్ట్ర మండలి తీర్పు నచ్చని డాక్టరుకు పైకి అప్పీలు చేసుకునే హక్కు రాసిచ్చింది. రోగి పేరెత్తలేదు. పాత నియమావళిలో బాధితులకూ ఉన్న అప్పీలు దారిని ఈ చట్టం పేరు చెప్పి కమిషన్ మూసేసింది. డాక్టరుకు మూడు మెట్లు, రోగికి ఒక్క మెట్టు. ఆ ఒక్క మెట్టు మీదా ఫైలు లేకుండా నిలబడాలి. ఏ న్యాయశాస్త్రంలో ఇది సమానత్వం?

కోల్‌కతాలో చికిత్స పొంది మరణించిన భార్య కోసం ఒక భర్త వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013లో దాదాపు 6 కోట్ల రూపాయల పరిహారం ఇచ్చిందని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. ఆ మరణం 1998లో జరిగింది. పదిహేనేళ్లు పోరాడిన ఆ భర్త స్వయంగా వైద్యుడు. కేసు షీటు చదవగలడు, ఏ మోతాదు ఎక్కువైందో వేలు పెట్టి చూపగలడు. తమిళం రాక, ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చి, చూపించిన చోటల్లా సంతకం చేసిన కావలి కుటుంబానికి ఆ కేసును ఉదాహరణగా చూపించడం క్రూరత్వం. వారికి ముందు ఫైలు ఇవ్వండి.

సంతకం గురించి కూడా ఒక మాట. బిల్లు మాఫీ ఆశ చూపి, మృతదేహం అప్పగించడంలో జాప్యం చేసి, ఒత్తిడితో రాయించుకున్న రాజీపత్రాన్ని కాంట్రాక్టు చట్టం కింద రద్దు చేయించుకునే వీలుంది. అయినా సంతకం చేయకపోవడమే మంచిది. అలాంటి ప్రతి సంతకంతో ఒక ఫైలు శాశ్వతంగా మూతపడుతుంది. తప్పు జరిగి ఉంటే, అదే గదిలోకి వచ్చే తర్వాతి రోగికి దాని జాడ కూడా తెలియదు. ఈ ఒక్కరికి బిల్లు తగ్గింది కదా అనుకోవడానికి లేదు. ఇది అలవాటుగా మారితే వైద్య నిర్లక్ష్యం మీద చట్టాలన్నీ క్యాషు కౌంటరు దగ్గరే ఆగిపోతాయి.

తమిళనాడు ప్రభుత్వం చేతిలో 1997 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఉంది, 2018లో దానికి నిబంధనలూ వచ్చాయి. 72 గంటల్లో రికార్డులు ఇవ్వని ఆసుపత్రి రిజిస్ట్రేషన్‌ను నిలిపివేస్తామని ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో స్పష్టం చేయాలి. ఎంత పెద్ద ఆసుపత్రి అయినా సరే. డిశ్చార్జి రోజున తుది బిల్లు ఇచ్చే కౌంటరులోనే, అడగకుండానే కేసు షీటు నకలు ఇవ్వాలి. బిల్లును ముద్రించే యంత్రమే దానినీ ముద్రిస్తుంది. దీనికి కొత్త సాంకేతికత అక్కర లేదు, కమిటీ అక్కర లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ నోరు విప్పాలి. తన ప్రజలు ప్రతి రోజూ రైళ్లలో చెన్నైకి వచ్చి చికిత్స పొందుతుంటే, వారికి భాష తెలిసిన న్యాయ సహాయకుడిని ఒక్కరిని ఇక్కడ నియమించలేకపోయిందా? నగరంలోని తెలుగు సంఘాలు ఉగాదికి కవి సమ్మేళనం జరిపినంత శ్రద్ధతో, రికార్డుల కోసం పెట్టుకునే దరఖాస్తు నమూనాను తెలుగులో అచ్చువేసి లాడ్జీల్లో పంచలేవా? వైద్య మండలి, తన నియమాన్ని తానే చదివి, ఒక్క ఆసుపత్రి డాక్టరుకైనా 72 గంటల లెక్క అడుగుతూ నోటీసు ఇవ్వడానికి ఇంకెన్ని ఫిర్యాదులు కావాలి?

కావలి కుమారుడు సంతకం చేయలేదు. రిజిస్టర్డ్ పోస్టులో మరో దరఖాస్తు పంపి ఊరికి వెళ్లారు. చట్టం ఆయనకు ఇచ్చిన రెండేళ్ల గడువులో పన్నెండు రోజులు అప్పటికే ఆసుపత్రి కారిడార్లలో ఖర్చయ్యాయి. ఈ సంపాదకీయం అచ్చుకు వెళ్లే సమయానికీ ఆయనకు కేసు షీటు అందలేదు.