‘మళ్ళీ కంపైల్ చేస్తే చాలు’ అన్న ప్రచారానికి ఖండన

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఇంజినీరింగ్ విద్యార్థుల వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: లినక్స్ పంపిణీల్లో ఎక్కువ వాటికి ఆధారమైన జీలిబ్‌సీ (ప్రోగ్రాములకు కావలసిన మామూలు పనులను అందించే సీ లైబ్రరీ) సీ భాషలోనే ఉంది కనుక కొత్త ప్రాసెసర్ కుటుంబం కోసం దానిని మళ్ళీ కంపైల్ చేస్తే, అంటే ఆ యంత్రభాషలోకి మారిస్తే, చాలు, ఒక ప్రాసెసర్‌ను మరో కంప్యూటర్‌పై అనుకరించే క్యూఈఎంయూలో ‘హలో వరల్డ్’ కనిపిస్తే పని ముగిసినట్టే, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగల ప్రాసెసర్ సూచనల సమితి రిస్క్-ఫైవ్‌కు అధికారిక మద్దతు ఆలస్యం కావడానికి కారణం విదేశీ కంపెనీల రాజకీయం, ఒకసారి చేరిన మద్దతును మళ్ళీ ముట్టుకోనక్కరలేదు, కాబట్టి శక్తి, వేగ వంటి మన దేశపు ప్రాసెసర్లకు స్వదేశీ సీ లైబ్రరీని మన కళాశాలల్లోనే ఒక సెలవు వారంలో తయారు చేసుకోవచ్చు. ఉద్దేశం మంచిదే అయినా ఈ అయిదింటిలో ఏదీ నిలిచే మాట కాదు. మొదటిదానిలో, మూడవదానిలో కొంత నిజం ఉంది, దానిని ఆయా చోట్లే ఒప్పుకుంటాను.

మొదటి మాట సగం నిజం కావడం వల్లనే ఎక్కువమందిని నమ్మిస్తోంది. జీలిబ్‌సీలో అధిక భాగం సీ భాషలోనే ఉంది, ప్రింట్‌ఎఫ్, లొకేల్ వంటి విభాగాలు చాలావరకు మార్పు లేకుండానే కొత్త ప్రాసెసర్‌పై కంపైల్ అవుతాయి. అయితే ఆ మూలంలో సిస్‌డెప్స్ అనే డైరెక్టరీ ఉంది, ప్రతి ప్రాసెసర్ కుటుంబానికీ అందులో విడిగా చోటుంటుంది, అక్కడ ఉన్నదానిలో సీ భాష చెప్పలేని పనులే ముఖ్యమైనవి. ప్రోగ్రాం మొదలయ్యే క్షణంలో స్టాక్ పాయింటర్‌ను (తాత్కాలిక నిల్వ అయిన స్టాక్ ఎక్కడుందో చూపే దానిని) సరిచేసి మెయిన్ వరకు దారి చూపే కోడ్, కొత్త థ్రెడ్‌ను (ఒకే ప్రోగ్రాంలో సమాంతరంగా నడిచే పనిని) వేరే స్టాక్‌పై పుట్టించే క్లోన్, తన చిరునామాలను తానే సరిదిద్దుకున్న తరువాత గాని ఇతర లైబ్రరీలను కలపలేని డైనమిక్ లింకర్, ఇవన్నీ ఆ కోవలోవే. థ్రెడ్ సొంత సమాచారానికి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల ఎక్స్86-64లో ఎఫ్‌ఎస్ సెగ్మెంట్ రిజిస్టర్ (రిజిస్టర్ అంటే ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటు) ఆధారమైతే రిస్క్-ఫైవ్‌లో టీపీ అనే మామూలు రిజిస్టరే ఆధారం, ఆ తేడాను మనిషి కూర్చుని రాయవలసిందే.

ప్రోగ్రాం ప్రస్తుత స్థితిని గుర్తుంచుకుని తరువాత అక్కడికే తిరిగి రానిచ్చే సెట్‌జంప్‌ను తీసుకుంటే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ఎక్స్86-64లో అది భద్రపరచవలసినవి ఆరు సాధారణ రిజిస్టర్లు, స్టాక్ పాయింటర్, తిరిగి వెళ్ళే చిరునామా, వెరసి ఎనిమిది. రిస్క్-ఫైవ్‌లో ఎస్0 నుంచి ఎస్11 వరకు పన్నెండు, వాటికి తోడు తిరుగు చిరునామా, స్టాక్ పాయింటర్, ఇవి గాక ఫ్లోటింగ్ పాయింట్ (భిన్న సంఖ్యల) గణితం హార్డ్‌వేర్‌లో ఉన్న ఏబీఐ (ప్రోగ్రాములు, లైబ్రరీలు యంత్రస్థాయిలో పాటించే ఒప్పందం) అయితే మరో పన్నెండు ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లు. ఒక్కటి మరచిపోయినా కంపైలర్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వదు, తప్పు ఎప్పుడో మరెవరి ప్రోగ్రాంలోనో బయటపడుతుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలన్నిటినీ పనస కర్రతోనే చేసినా, మైనంలో మెట్లు నిలిపేటప్పుడు ప్రతి వీణకూ విడిగా శ్రుతి చూసుకుంటారే తప్ప ఒకదాని కొలతలు మరొకదానికి ఎక్కించరు. ప్రాసెసర్ సొంత సూచనల్లో నేరుగా రాసే ఈ అసెంబ్లీ పని కూడా అటువంటిదే.

పైగా సెట్‌జంప్ ఆ రిజిస్టర్లను భద్రపరిచే పెట్టె పరిమాణం వాడుకరి ప్రోగ్రాంలోనే ఇమిడిపోతుంది కనుక, ఒకసారి విడుదలైన తరువాత దానిని పెంచడానికి వీలుండదు. కొత్త ప్రాసెసర్‌కు మద్దతు చేర్చడంలో అసలు బరువు ఇదే. ఏ రకం డేటాకు ఎన్ని బిట్లు, ఏ ఫంక్షన్ ఏ వెర్షన్ పేరుతో బయటికి కనబడాలి, లాంగ్ డబుల్ ఎక్స్86లోలాగా 80 బిట్ల రూపమా లేక రిస్క్-ఫైవ్ ఎంచుకున్నట్టు 128 బిట్లా అన్న నిర్ణయాలన్నీ మొదటి విడుదలలోనే గడ్డకట్టిపోతాయి. 64 బిట్ల రిస్క్-ఫైవ్‌కు ఆ వెర్షన్ల లెక్క జీలిబ్‌సీ 2.27తో మొదలైంది, ఆ రోజు కంపైల్ చేసిన ప్రోగ్రాం నేటి లైబ్రరీతోనూ నడవాలన్నదే జీలిబ్‌సీ ఇచ్చిన మాట. కోడ్ రాయడం కంటే ఈ మాట ఇవ్వడమే కష్టం.

ఇక క్యూఈఎంయూ విషయం. అది అమూల్యమైన సాధనమే, బోర్డు లేని ల్యాబులో విద్యార్థికి అంతకు మించిన దారి లేదు. కానీ మన ల్యాబుల్లోని కంప్యూటర్లు సాధారణంగా ఎక్స్86వి, అవి ఒక కోర్ రాసిన విలువలను ఇతర కోర్లకు రాసిన వరుసలోనే చూపిస్తాయి. రిస్క్-ఫైవ్ నియమాలు ఆ వరుసను సడలిస్తాయి, అవసరమైన చోట ఫెన్స్ (వరుసను కాపాడమనే సూచన) పెట్టే బాధ్యత లైబ్రరీదే. పెట్టవలసిన ఫెన్స్ మరచిన మ్యూటెక్స్ (రెండు థ్రెడ్లు ఒకే డేటాను ఒకేసారి మార్చకుండా ఆపే తాళం) క్యూఈఎంయూలో ఎంతసేపు నడిపినా తప్పు చూపకుండా, నిజమైన చిప్‌పై ఎప్పుడో ఒకసారి చిక్కుకుపోవచ్చు. ‘హలో వరల్డ్’ ఒకే థ్రెడ్‌లో ఒక వాక్యం రాసి ముగుస్తుంది కనుక వీటిలో దేనినీ తాకదు. జీలిబ్‌సీతో పాటు వేల పరీక్షలు వచ్చేది ఇందుకే, గణిత ఫంక్షన్లకైతే ఎంత దోషాన్ని సహించాలో ప్రతి ప్రాసెసర్ కుటుంబానికీ విడిగా నమోదు చేస్తారు.

రాజకీయం అన్న ఆరోపణకు తేదీలే సమాధానం. రిస్క్-ఫైవ్ మద్దతు అసెంబ్లర్, లింకర్ ఉండే బిన్‌యుటిల్స్ 2.28లో 2017 మార్చిలో, జీసీసీ 7 కంపైలర్‌లో అదే ఏడాది మే నెలలో వచ్చింది. ప్రోగ్రాములు సేవలు అడిగే సిస్టమ్ కాల్స్ కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలో) స్థిరపడకుండా వాటిపై నిలిచే లైబ్రరీ స్థిరపడదు కాబట్టి ఆ తరువాతి వంతు లినక్స్‌ది. లినక్స్ 4.15 విడుదలైనది 2018 జనవరి 28న, జీలిబ్‌సీ 2.27 విడుదలైనది ఫిబ్రవరి 1న. నాలుగు రోజుల ఎడంలో ఏ రాజకీయం ఇమిడిందో సందేశం రాసినవారే చెప్పాలి. 32 బిట్ల రిస్క్-ఫైవ్‌కు 2021 ఫిబ్రవరి దాకా, అంటే 2.33 వరకు, ఆగవలసి వచ్చిన మాట నిజమే. 2038 జనవరి 19తో నిండిపోయే 32 బిట్ల కాలగణనను కొత్త ప్రాసెసర్‌కు అంటగట్టకూడదని, మొదటి నుంచీ 64 బిట్ల కాలమే ఉండాలని తీసుకున్న నిర్ణయం దీనికి ముఖ్య కారణం. అందుకు కావలసిన సిస్టమ్ కాల్స్ లినక్స్ 5.1లో, 2019లో గాని రాలేదు. ఒప్పుకోవలసిన నిజం ఏమిటంటే, గణనీయమైన కోడ్ పంపేవారు కాపీరైట్‌ను ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు రాసి ఇవ్వాలన్న నిబంధన చాలాకాలం ఉంది, అది కొత్తవారికి ఇబ్బందిగానే ఉండేది. 2021 ఆగస్టు నుంచి అది తప్పనిసరి కాదు.

ఒకసారి చేరితే శాశ్వతమన్న మాటకు ఇంటెల్ వారి ఇటేనియమ్ ప్రాసెసర్ గతి చూస్తే చాలు. దశాబ్దాల పాటు లినక్స్‌లో ఉన్న ఆ మద్దతును 6.7 కెర్నెల్ నుంచి తీసేశారు, 2024 జనవరి చివర వచ్చిన జీలిబ్‌సీ 2.39 కూడా దానిని వదిలేసింది.

చివరిగా స్వదేశీ లైబ్రరీ. ఐఐటీ మద్రాసు వారి శక్తి, సీ-డాక్ వారి వేగ రెండూ రిస్క్-ఫైవ్ సూచనల సమితినే అమలు చేస్తాయి. లినక్స్ నడపగల తరగతి చిప్‌కు, అవసరమైన విస్తరణలు అందులో ఉంటే, ఇప్పటికే ఉన్న జీలిబ్‌సీయే సరిపోతుంది. లినక్స్‌కు చోటే లేని చిన్న కంట్రోలర్లకు న్యూలిబ్ వంటి తేలికపాటి లైబ్రరీలు ఉన్నాయి. చిప్పుకొక సీ లైబ్రరీ కట్టుకుంటే ప్రోగ్రాములన్నిటినీ చిప్పుకొకసారి విడిగా సర్దవలసి వస్తుంది, రిస్క్-ఫైవ్‌ను ఎంచుకున్నదే ఆ అవస్థ తప్పించుకోవడానికి. సెలవు వారం చేతిలో ఉన్న విద్యార్థికి పని లేదని మాత్రం దీని అర్థం కాదు. జీలిబ్‌సీ ఏటా రెండుసార్లు, ఫిబ్రవరి, ఆగస్టు నెలల ప్రాంతంలో విడుదలవుతుంది, అంతకు ముందు ఒక్కో ప్రాసెసర్‌పై పరీక్షల ఫలితాలు సేకరిస్తారు. ఒక నిజమైన రిస్క్-ఫైవ్ బోర్డు సంపాదించి, దానిపై పరీక్షలు పూర్తిగా నడిపి, విఫలమైనవాటి వివరాలను కంపైలర్, కెర్నెల్ వెర్షన్లతో సహా పంపడం వారంలో అయ్యే పనే.