ఖాళీ అయ్యానని నమ్మించే కెపాసిటర్ గారికి

గౌరవనీయులైన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ గారికి,

దూరం నుంచే నమస్కారం.

చార్జ్ దాచుకోవడమే మీ ఉద్యోగం కాబట్టి, రిపేరుకు ముందు ప్లగ్ పీకేశాం. మీ రెండు కాళ్ల మధ్య రెసిస్టర్ పెట్టి ఉన్నదంతా కక్కించాం. మల్టీమీటర్ సున్నా చూపించింది. హమ్మయ్య అనుకుని రెసిస్టర్ తీసి, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోగా మళ్లీ ప్రోబ్స్ పెడితే ఒక వోల్టు, మూడు, అయిదు... ఎక్కడా సప్లై లేదు. మరి ఈ కష్టార్జితం ఎక్కడిదండీ?

తెలుసు లెండి. ప్లేట్ల మధ్య ఉన్న డైఎలక్ట్రిక్ (కరెంటు పారనివ్వని) పొరలో దాచారు. వోల్టేజ్ ఉన్నంతసేపూ అందులోని డైపోల్స్ (ఒక కొస ప్లస్, ఇంకో కొస మైనస్‌గా ఉండే కణాలు) అన్నీ ఒక దిక్కుకు తిరిగి నిలబడతాయి. రెసిస్టర్ పెట్టగానే చురుకైనవి వెంటనే సర్దుకుంటాయి. బద్ధకస్తులకు మాత్రం నిమిషాలు పడుతుంది. ఈలోగా మేం రెసిస్టర్ తీసేస్తాం. ఇక అవి తీరిగ్గా సర్దుకుంటున్నకొద్దీ, ప్లేట్ల మీద అవి పట్టి ఉంచిన చార్జ్ వదులై వోల్టేజ్ మళ్లీ లేస్తుంది. "అంతా మర్చిపోయాను" అని రాజీపడి, గుమ్మం దాటగానే పాత లెక్కలు తీసే బంధువులు మీకేమవుతారు?

స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్‌మనిపించి "అయిపోయింది" అనే వీరులు మాలో ఉన్నారు. మీ ఆటలు సాగేది వాళ్ల దగ్గరే. ఆ క్షణంలో బద్ధకస్తులు కదలనైనా కదలరు.

వంశం సంగతి చెప్పనక్కర్లేదు. 1740ల నాటి మీ ముత్తాత, గాజుసీసా కెపాసిటర్ అయిన లైడెన్ జాడీ కూడా ఖాళీ చేశాక కాసేపటికి ఇంకో చిన్న నిప్పురవ్వ విసిరేది. కానీ మీ దాయాదుల్లో పెద్దమనుషులూ ఉన్నారు. ప్లాస్టిక్ పొర వాడే పాలీప్రొపిలీన్ గారు తిరిగి చూపించేది ముందున్న వోల్టేజ్‌లో వెయ్యిలో ఒక వంతు అటూ ఇటూ. మీరో, ఏకంగా 10 శాతం దాకా! 400 వోల్టుల దగ్గర అది 40 వోల్టులు. వోల్టేజ్‌ను కొలిచేదాకా పట్టి ఉంచే శాంపిల్ అండ్ హోల్డ్ సర్క్యూట్‌లోకి మిమ్మల్ని రానివ్వనిది ఇందుకే. పోయిన శాంపిల్ వాసన కొత్తదానికి అంటిస్తారు.

మీ హైవోల్టేజ్ అన్నలు చూడండి, గోడౌన్‌లో కూడా కాళ్ల మధ్య తీగ కట్టించుకుని బుద్ధిగా కూర్చుంటారు. ఇకపై మీకూ అదే మర్యాద. రెసిస్టర్, మీటర్, ఆ తర్వాత పని అయ్యేదాకా తీగ. సున్నా చూపించారని విప్పేది లేదు. నామోషీగా ఉంటే పాలీప్రొపిలీన్ గారి దగ్గర ట్యూషన్‌లో చేరండి.

ఇట్లు,
మీ ముందు ఒక చెయ్యి ఎప్పుడూ జేబులోనే పెట్టుకునే మెకానిక్