దుంప తెగులుకి శాలువా కప్పుదాం

మా డెల్టాలో బంగాళాదుంప పండదు. పండకపోయినా పొద్దున్నే పూరీలోకి ఆ కూర పడకపోతే మాకు రోజు మొదలవదు కాబట్టి, దాని గురించి మాట్లాడే హక్కు మాకుంది. ఆ మాటకొస్తే కోపం వస్తే మేం ముందు తెగాలని కోరుకునేది దుంపే. 'నీ దుంప తెగ' అని తాతల నాటినుంచి నోరారా తిడుతున్నాం గానీ, నిజంగా తెగ్గొట్టే పని మాత్రం ఆకుమాడు తెగులు, అదే లేట్ బ్లైట్, మాకంటే శ్రద్ధగా చేసుకుపోతోంది. ఆదివారం వస్తే ఎవరో ఒకరికి శాలువా కప్పందే నిద్రపట్టని జిల్లాలు మావి, ఇంత కష్టజీవికి ఒక్క సన్మానం లేకపోవడం సిగ్గుచేటు.

సన్మానపత్రం రాసే బాధ్యత నేనే నెత్తికెత్తుకున్నాను.

ముందు వంశం. దీన్ని అందరూ బూజు అంటారు. ఫైటోఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్ అనే ఈ శాల్తీ వేషం బూజుదే, చుట్టరికం మాత్రం సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచుతో. అందుకే మామూలు బూజు తెగుళ్ళకి వాడే కార్బెండజిమ్ దీనిమీద కొడితే స్నానం చేయించినట్టే ఉంటుంది. పరాయిదనుకునేరు, మా కొబ్బరికి మొవ్వు కుళ్ళు తెచ్చేదీ, కోకో కాయని నల్లగా కుళ్ళబెట్టేదీ, చామాకుని మాడ్చేదీ దీని జ్ఞాతులేనండి, ఆయ్.

1845లో ఐర్లండ్‌లో ఇది అడుగుపెట్టేనాటికి అక్కడి పేదల చేలో ఎక్కువగా ఉన్నది లంపర్ అనే ఒకే రకం. దుంప ముక్కే విత్తనం కాబట్టి మొక్కలన్నీ ఒకే అచ్చు, ఒకదానికి పట్టింది అన్నిటికీ పట్టింది. సుమారు పది లక్షలమంది పోయారు, ఇంకో పది లక్షలమంది దేశం విడిచిపోయారు. ఇక్కడ నాకు వెటకారం రాదు, ముందుకు పోదాం.

మా బాబాయికి లంకలో, అంటే గోదారి మధ్య మేటవేసిన దిబ్బమీద, అరెకరం చామ ఉంది. మొన్న ఆకులన్నీ మాడిపోతే గట్టుమీద కూర్చుని నన్నడిగాడు, "ఒరే, ఏటేటా కొత్త రకం తెగులొచ్చిందంటారు, ఈ కొత్తవాటిని ఎవడు తయారుచేస్తున్నాడ్రా? మందుల కంపెనీవాడేనా?" చామ తెగులు వేరు, దుంప తెగులు వేరు, కానీ ప్రశ్న మంచిదే. సన్మానపత్రంలో కావలసింది కూడా అదే.

దుంప తెగులు జన్యువుల పుస్తకాన్ని 2009లో చదివి అచ్చువేశారు. దాదాపు 24 కోట్ల అక్షరాలు, అందులో ముప్పావు వంతు చెప్పిందే చెప్పడం, అచ్చం మా సన్మాన సభల ఉపన్యాసం. ఆ పుస్తకం మా గోదారిలాగే ఉంటుంది. తిండికీ ఊపిరికీ కావలసిన జన్యువులు ఏటిగట్టుకి ఇవతల ఊళ్ళో, ఇళ్ళు ఒరుసుకుని, కదలకుండా ఉంటాయి. మొక్కమీద దాడికి వాడే ఆయుధాల జన్యువులు మాత్రం లంకల్లో, విసిరేసినట్టు దూరందూరంగా. వరదొస్తే ఊరు అలాగే ఉంటుంది, లంక మాత్రం ఈ పక్క కోసుకుపోయి ఆ పక్క మేట వేస్తుంది. ఇక్కడా అంతే, మార్పులన్నీ ఆయుధాల దగ్గరే చకచకా జరుగుతాయి.

దానివల్ల ఏమవుతుందంటే, మెక్సికో అడవి దుంపనుంచి నిరోధక జన్యువుల్ని తెచ్చి మంచి దుంపల్లో పెట్టారు, ఒకటి కాదు పదకొండు. ఒక్కో జన్యువు ఒక్కో పోలీసు. ఆ పోలీసు దొంగని మీసం చూసి పట్టుకుంటాడు. లంకలో ఓ చిన్న మార్పు జరిగి మీసం లేని దొంగ పుట్టాడనుకోండి, ఆ పోలీసే వాడికి దారి చూపిస్తాడు. పదకొండుమందికీ ఏదో ఒకరోజు ఇదే గతి పట్టింది.

ఇక పెళ్ళి సంగతి. ఈ తెగులులో ఏ1, ఏ2 అని రెండు గోత్రాలు. సగోత్రంలో పెళ్ళి సాధారణంగా కుదరదు. చాలాకాలం మెక్సికోలో తప్ప ప్రపంచమంతా తిరిగింది ఏ1 ఒక్కటే, నూట ముప్పై ఏళ్ళకి పైగా ఘోర బ్రహ్మచర్యం. 1984లో స్విట్జర్లండ్‌లో ఏ2 దొరికిందని ప్రకటించారు. 1970ల్లో మెక్సికోనుంచి యూరప్ చేరిన దుంపలే పెళ్ళిళ్ళ పేరయ్యలని శాస్త్రవేత్తల అనుమానం. ఈ దంపతుల సంతానానికి రెండువైపుల గుణాలూ కలుస్తాయి, పైగా గట్టి పెంకుతో, మొక్క లేకపోయినా మట్టిలో ఏళ్ళతరబడి పడి ఉండగలదు. బ్రహ్మచారికి ఆ యోగం లేదు, బతికున్న దుంపలోనో మొక్కలోనో తలదాచుకోవాల్సిందే.

పెళ్ళి చేసుకుంటేనే పైకొస్తారని లేదనుకోండి. 2004లో యూరప్‌లో తేలిన 13 ఏ2 అనే రకం ఏ సంబంధమూ చూసుకోకుండా తన నకళ్ళు తానే తీసుకుంటూ నాలుగేళ్ళలో బ్రిటన్‌లో మెజారిటీ తెచ్చేసుకుంది. తర్వాత మన దక్షిణ భారతంలో టమాటా మీదా దుంప మీదా తేలింది. దానికి మెటలాక్సిల్ అనే తెగులు మందంటే లెక్కలేదు.

మెటలాక్సిల్ కథ దగ్గరే మా బాబాయికి జవాబుంది. 1977లో ఆ మందు వచ్చినప్పుడు అమృతమన్నారు. 1980కల్లా ఐర్లండ్, నెదర్లాండ్స్ చేలల్లో పని చెయ్యలేదు. మూడేళ్ళు! తెగులు ఏమీ పగబట్టలేదు. ఒక్క మచ్చమీదే వేలకి వేలు బీజాలు లేస్తాయి, అందులో మందుకి చావనిది ఏ మూలో ఒకటి ముందే ఉంటుంది. రోజూ అదే మందు కొట్టి పక్కనున్న చచ్చేవాళ్ళందరినీ మనమే ఖాళీ చేసిపెడితే, చేను మొత్తం దానికే పట్టా అవుతుంది. ఏటా ఒకటే ప్రశ్నపత్రం ఇచ్చే పరీక్ష ఇది, దీనికి లీకు కూడా అక్కర్లేదు.

"అంటే నేనే తయారుచేస్తున్నానంటావ్" అన్నాడు బాబాయి కాసేపాగి.

"పూర్తిగా నువ్వే కాదులే బాబాయ్, నీకూ వాటా ఉంది. శాలువా తెప్పించమంటావా?"

మర్నాడు నేనూ కూడా వెళ్ళాను మందుల షాపుకి. ఈసారి మందు మార్చాల్సిందేనని బాబాయి గట్టిగా చెప్పాడు. షాపాయన కూడా అంతే గట్టిగా తలూపి కొత్త ప్యాకెట్ తీశాడు. పేరు కొత్తది, బొమ్మ కొత్తది, రేటు ఇంకా కొత్తది. వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో ఉన్నది చదవమని కళ్ళజోడు మర్చిపోయిన బాబాయి నా చేతికిచ్చాడు. మెటలాక్సిల్, మాంకోజెబ్. పోయినసారిదే, చొక్కా మార్చుకొచ్చింది.

చెప్పాను. ఆయన ప్యాకెట్ వైపు, షాపాయన వైపు, నా వైపు చూశాడు.

"సర్లే, తీశాం కదా. ట్యాంకుకి ఇంకో చెంచా ఎక్కువేద్దాం."