ఎడమ పక్క వాటాలో ఉంటున్న ఛాతీ గారికి

మహారాజశ్రీ ఎడమ ఛాతీ గారికి, పై అంతస్తులో ఉంటున్న ఇంటి ఓనరు రాయు ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం, మీరు తప్ప.

ఉబ్బిన మగ ఛాతీని చదును చేసే ఆపరేషన్ అయి ఇవాల్టికి నాలుగు నెలలు. మీకూ, పక్క వాటాలో ఉన్న కుడి ఛాతీ గారికీ ఒకే రోజు, ఒకే బల్ల మీద, ఒకే డాక్టరు గారి చేతిమీదుగా పని జరిగింది. కొవ్వుని లైపోసక్షన్ గొట్టంతో లాగారు. గొట్టానికి లొంగని గ్రంథి ఒకటి ఉంటుందిగా, రబ్బరు ముక్కలా గట్టిది, దాన్ని కత్తితో కోసి తీశారు. మీ ఇద్దరి మధ్యా నేను పక్షపాతం చూపించలేదు. చూపించడానికి స్పృహలో లేను కూడా. అయినా ఆయన బుద్ధిగా చదునైపోయి తన మానాన తాను ఉన్నాడు. మీరు మాత్రం నేనేదో బాకీ పడ్డట్టు ఉబ్బుకుని కూర్చున్నారు.

ఈ గార్లూ మీర్లూ నావల్ల కాదు. పుట్టినప్పటినుంచీ తెలిసినవాడివి, నువ్వు అనే రాస్తాను.

నీ అవతారం నీకు కనపడదు కాబట్టి నేనే చెబుతున్నా. చనుమొన చుట్టూ ఉన్న నల్ల వలయం కింది అంచున ఇద్దరికీ నెలవంకలా ఓ కోత పెట్టారు. కుడి వైపు గీత ఎక్కడుందో వెతుక్కోవాలి. నీ గీత ఎర్రగా, దళసరిగా, ఎవరో తొందరలో అంటించిన టేపులా ఉంది. దాని వెనక గోళీ అంత ముద్ద. చెయ్యి కిందకి ఉన్నంతసేపూ పెద్దమనిషిలా ఉంటావు. పై అరలోంచి ఏదైనా తీద్దామని చెయ్యి ఎత్తానో, లోపలినుంచి ఎవరో దారం పట్టుకుని గుంజినట్టు అక్కడి చర్మం లోపలికి లాక్కుపోతుంది. చెయ్యి దించగానే ఏమీ ఎరగనట్టు మామూలే.

నీ కోసం నేను పడ్డ పాట్లు గుర్తున్నాయా? మగపిల్లల్లో చాలామందికి ఎదిగే వయసులో ఛాతీ కాస్త ఉబ్బుతుంది, హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల. ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. మీ ఇద్దరూ పోలేదు. పన్నెండేళ్లు సెటిలయ్యారు. ఆ పన్నెండేళ్లూ నేను కాస్త వంగి నడిచాను, బ్యాగుని వీపుకి కాకుండా ఛాతీకి తగిలించుకున్నాను, ఎండాకాలంలో కూడా లోపల బనియను, పైన చొక్కా, ఆ పైన ఇంకో చొక్కా వేసుకున్నాను. ఈత అంటే ఇష్టం లేదని అందరికీ చెప్పాను. అన్నిటికన్నా ఘోరం, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చొక్కాని ఛాతీ దగ్గర పట్టుకుని ముందుకి లాగే అలవాటు. నిమిషానికోసారి. కూర్చుంటే లాగాలి, లేస్తే లాగాలి, గాలి వస్తే లాగాలి. నా పాత చొక్కాలన్నిటికీ అక్కడ చిన్న ముడత ఉంటుంది, ఇస్త్రీ చేసినా పోదు.

నీదేదో కొత్త సమస్య అని బడాయి పోకు. ఈ జబ్బుకి గైనకోమాస్టియా అని పేరు పెట్టింది 2వ శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు. ఆడ, రొమ్ము అనే రెండు గ్రీకు మాటల్ని అతికించి పెట్టాడు. కాస్త మర్యాదైన పేరు పెట్టి ఉంటే ఆయన సొమ్మేం పోయేది కాదు. 7వ శతాబ్దంలో ఈజినా దీవికి చెందిన పాల్ అనే ఇంకో గ్రీకు వైద్యుడు, రొమ్ము కింద నెలవంకలా కోసి, లోపలిది తీసేసి, కుట్టెయ్యమని రాసిపెట్టాడు. మత్తుమందు లేని రోజులు బాబూ అవి! ఆ కోతని నల్ల వలయం అంచుకి తెచ్చి మచ్చ కనపడకుండా చేసే పద్ధతిని 1946లో వెబ్‌స్టర్ అనే సర్జన్ వివరించాడు. నీకు చేసింది అదే. ఇంత చరిత్ర వెనకేసుకుని వచ్చి, మచ్చ మీద అంటించే మామూలు మెడికల్ టేపుకి లొంగవా నువ్వు?

ఆ రాత్రి సంగతి ఎత్తకూడదనుకున్నాను. కానీ ఎలాగూ నువ్వు ఎత్తుతావు కాబట్టి నేనే చెప్పేస్తాను.

ఆపరేషన్ అయిన రోజు రాత్రి పదకొండింటికి నువ్వు బిగుసుకోవడం మొదలుపెట్టావు. కుడి వైపు మామూలు సలుపు. నీ వైపు మాత్రం లోపల ఎవరో పంపుతో గాలి కొడుతున్నట్టు గంట గంటకీ పెరిగిపోయింది, చర్మం నున్నగా, నీలంగా మెరిసింది. నర్సు ఒక్కసారి చెయ్యి వేసి చూసి, ఏమీ మాట్లాడకుండా ఫోన్ దగ్గరికి వెళ్లింది. ఆమె మాట్లాడకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. లోపల రక్తం గడ్డకట్టిందన్నారు. ఈ ఆపరేషన్ తర్వాత తొలి రోజుల్లో వచ్చే ఇబ్బందుల్లో మామూలుగా కనిపించేది ఇదేనట, హెమటోమా అంటారు. ఒక వైపు మాత్రమే ఉన్నట్టుండి గట్టిగా ఉబ్బి నొప్పి పెరిగితే తెల్లారేదాకా ఆగకూడదని ఆ రాత్రే తెలిసింది. మళ్లీ థియేటరు, మళ్లీ మత్తు, నీ కుట్లు విప్పి, గడ్డ తీసి, కడిగి, మళ్లీ కుట్టడం. కుడి ఆయనకి ఒక్క ప్రయాణం. నీకు రెండు.

దీనికి కారణం ఏంటని డాక్టరుని అడిగితే, ఒక్కోసారి ఏ కారణం లేకుండానే జరుగుతుందన్నారు. నేను తలూపాను. ఫోన్ ఛార్జరు కోసం పక్క బల్ల మీదికి ఎడమ చెయ్యి బారా చాచిన విషయం చెప్పలేదు. అప్పుడు ఛార్జింగ్ నలభై మూడు శాతం ఉంది. ఇది మన ఇద్దరి మధ్యే ఉండనీ.

తర్వాత వచ్చింది వెస్టు, ఛాతీని బిగించి పట్టి ఉంచే బనియను లాంటిది. ఆ కంప్రెషన్ వెస్టు ఆరు వారాలపాటు నా మీద సవారీ చేసింది. స్నానానికి తప్ప విప్పకూడదు. పక్కకి తిరిగి పడుకోకూడదు, వెల్లకిలా పడుకుని పైకప్పు లెక్కపెట్టుకోవాలి. రెండో వారంలో అది పొట్ట దగ్గర చుట్టుకుపోయి నీ మీద ఓ మడత వేసింది. పొద్దున్న విప్పి చూస్తే అడ్డంగా లోతైన గాడి. అయిపోయింది, గుంట పడిపోయిందని నేను తల పట్టుకున్నాను. మధ్యాహ్నానికి గాడి పోయింది. నా టెన్షన్ పోవడానికి వారం పట్టింది. ఆ తర్వాత మడత లేకుండా సర్దుకోవడం నేర్చుకున్నాను. వెస్టు వేసుకున్నాక రెండు చేతులూ లోపలికి పెట్టి, కిందకి లాగి, వీపు వైపు తిప్పి, మళ్లీ లాగి. ఇంత శ్రద్ధగా నేను పెళ్లిళ్లకి కూడా తయారవలేదు.

మూడో వారంలో నీ ముద్ద పుట్టింది. వాపు తగ్గుతున్న కొద్దీ అది తేలింది. కోసిన గ్రంథి మళ్లీ మొలిచిందేమోనని వణికిపోయాను. గ్రంథి కాదు, గాయం మానుతూ లోపల కట్టుకునే మచ్చ అన్నారు. బయటి మచ్చ కనపడుతుంది, లోపలి మచ్చ చేతికి తగులుతుంది, అంతే తేడా. అది మెత్తబడటానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర. రోజుకి రెండుసార్లు వేలితో గుండ్రంగా, చర్మం కదిలేంత గట్టిగా రుద్దమన్నారు. రుద్దుతున్నాను. కానీ అక్కడ నీకు స్పర్శ లేదు. నా వేలికి నువ్వు తెలుస్తున్నావు, నీకు నా వేలు తెలియడం లేదు. కుడి ఆయనకి మూడో నెలలో చీమలు పాకినట్టు మొదలై, ఒకరోజు చురుక్కున కుట్టినట్టయి, మెల్లగా స్పర్శ తిరిగి వచ్చింది. నరాలు మేలుకున్నాయన్నమాట. నీ నరాలకి ఇంకా తెల్లారలేదు.

ఇక అసలు విషయానికొస్తాను. నా ఫోన్లో నీవి మూడొందల ఫోటోలున్నాయి. ఎదురుగా, పక్కనుంచి, చేతులెత్తి, చేతులు నడుము మీద పెట్టి. బాత్రూం లైటు పైనుంచి పడితే నువ్వు గుట్టలా కనిపిస్తావు, కిటికీ వెలుతురు ఎదురుగా పడితే మైదానంలా. అందుకే పొద్దున్న కిటికీ దగ్గర ఆశగా, రాత్రి బాత్రూంలో నిరాశగా చూసుకునేవాణ్ణి. మొన్న నా ఫోను తనంతట తానే ఆ ఫోటోలన్నీ ఏరి, వెనక వీణ మోగిస్తూ, మధుర జ్ఞాపకాలు అని వీడియో కట్టి ఇచ్చింది. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాను.

ఫోటోలతో ఆగానా? స్కేలు పట్టుకున్నాను. మెడ కింది గుంట నుంచి నీ దాకా ఎంత, కుడి ఆయన దాకా ఎంత. అర సెంటీమీటరు తేడా. ఇంకోసారి కొలిస్తే ఏడు మిల్లీమీటర్లు. ఊపిరి బిగబట్టి కొలిస్తే మూడు. అన్నదమ్ముల వాటాల తగాదాలో గోడ మందం కొలిచే అమీను కూడా ఇన్నిసార్లు కొలిచి ఉండడు. పన్నెండేళ్లు మీ ఇద్దర్నీ కలిపి దాచినవాణ్ణి, నాలుగు నెలలుగా ఇద్దరికీ పోటీ పెట్టి మార్కులు వేస్తున్నాను.

పోయిన వారం ఆ స్కేలు లెక్కలన్నీ కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం ముట్టుకోలేదు. గ్రంథి మొత్తం గీకి తీసేస్తే చనుమొన గుంటలో పడి సాసర్‌లా అయిపోతుందనీ, అందుకే దాని కింద కావాలనే కొంత గ్రంథిని పలకలా వదులుతామనీ చెప్పారు. ఎంత వదలాలనేది చేతికి తెలిసే లెక్కట, స్కేలుకి అందదట. ఆ మాట నాకు నచ్చలేదు, కానీ ఎదురు చెప్పడానికి ఏమీ తోచలేదు. ముద్ద మరీ మొండికేస్తే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఉందన్నారు. గుంట నిజంగా మిగిలిపోతే వేరే చోటి కొవ్వు తీసి నింపొచ్చన్నారు. ఏదైనా సరే, ఆరు నెలలు దాటకుండా, వీలైతే ఏడాది నిండకుండా నీ మీద మళ్లీ కత్తి పెట్టనన్నారు. వాపు పూర్తిగా తగ్గకముందే దిద్దబోతే వాపునే దిద్దినట్టవుతుందట. రెండు వైపులా అచ్చుగుద్దినట్టు ఒకేలా రాకపోవచ్చని ఆపరేషన్ ముందే రాసిచ్చిన కాగితం కూడా చూపించారు. కింద సంతకం నాదే. ఎంత గుండ్రంగా ఉందో సంతకం, చదవకుండా పెట్టినవన్నీ అలాగే ఉంటాయి.

అప్పుడు కంప్యూటర్ నా వైపు తిప్పారు. ఎవరిదో మెడ కింది నుంచి నడుము దాకా ఫోటో. ఎడమ వైపు పెద్దగా, కుడి దానికన్నా బాగా కిందకి జారి ఉంది. ఎవరో పాపం, నాకన్నా అన్యాయంగా ఉన్నాడే అనుకున్నాను. ఆ పక్కటెముకల మీద పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టాను. నేనే. ఆపరేషన్ రోజు పొద్దున్న తీసింది.

నువ్వు మొదటినుంచీ పెద్దవాడివే. నీ వైపు ఎక్కువ తియ్యాల్సి వచ్చింది, రక్తం కూడా నీ వైపే గడ్డకట్టింది, అందుకే మానడంలోనూ వెనకబడ్డావు. డాక్టరు చెబుతున్నారు కానీ నేను వినడం లేదు. పన్నెండేళ్లలో చొక్కా లేకుండా అద్దం ముందు నిలబడి నిన్ను ఒక్కసారి కూడా చూడలేదని లెక్క తేలుతోంది లోపల. స్నానం చేసేటప్పుడు కూడా గోడ వైపే తిరిగి చేశాను. మీ ఇద్దరూ ఎప్పుడు సమానంగా ఉన్నారని నేను తేడా కొలిచాను?

కాబట్టి రాజీ షరతులు ఇవి. స్కేలు సొరుగులోకి పోతుంది. ఫోటో నెలకి ఒకటి, ఒకటో తారీఖున, కిటికీ దగ్గర మాత్రమే. రుద్దడం మానను, నువ్వు ఎంత మొహం తిప్పుకున్నా సరే. సిగరెట్టు ఎలాగూ ఆపరేషన్‌కి ముందే మానేశాను, గాయం మానదన్నారని. అది నీ పేరు మీద జరిగిన ఒకే ఒక్క మంచిపని, ఆ పేరు నువ్వే ఉంచుకో. ఆ రెండు వేళ్ల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. నిన్న లిఫ్టులో ఇద్దరు ఎక్కగానే అవి వాటంతట అవే లేచి చొక్కాని పట్టుకుని ముందుకి లాగాయి. లాగడానికి అక్కడ ఏమీ లేదని వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు. వాటికి వేరే ఉత్తరం రాస్తాను.

ఇట్లు,
పై అంతస్తు ఓనరు

తా.క. ఇది రాస్తుండగా ఎడమ పక్క ఎక్కడో చురుక్కుమంది. చీమేమోనని చొక్కా విప్పి దులిపి చూశాను, చీమ లేదు. నువ్వేనా?