ఎన్ని బోర్లేసినావురా: వీడియో గేముల్లో సంపద లెక్క

మా బావది గార్లదిన్నె పక్కన పల్లె. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, దానికి ఒకే ఒక్క బోరు. ఆ ఒక్కటి పడేలోపు మూడు ఎండుబోర్లు వేసిన మనిషి. సంక్రాంతి సెలవుల్లో మా మేనల్లుడు మంచం మీద వాలి ఫోన్‌లో స్టార్‌డ్యూ వ్యాలీ అనే సేద్యం గేము ఆడుతుంటే బావ వెనక నుంచి తొంగి చూశాడు. తెర మీద చిన్న పొలం, సాళ్లలో మొక్కలు, వాటికి క్యాన్‌తో నీళ్లు పోస్తున్న బొమ్మ మనిషి.

"ఏమిరా, ఎన్ని బోర్లేసినావు?"

"బోర్లు లేవు నాయినా. పక్కనే చెరువుంది, ముంచుకోవడమే."

"ఎండిపోదా?"

"ఎండదు."

"మరి వాన?"

"రేపు వస్తాదో రాదో టీవీలో చెప్తాది. చెప్పినట్టే వస్తాది."

బావ కాసేపు ఆ తెరనే చూసి, "యా ఊరప్పా అది?" అన్నాడు.

డబ్బు కూడబెట్టడం, సుఖంగా బతకడం గేములను చూసి నేర్చుకోవచ్చనే మాట ఈమధ్య తరచూ వినిపిస్తోంది. ఓపిక పట్టు, వచ్చింది మళ్లీ పెట్టుబడి పెట్టు, లెవెల్ అదే పెరుగుతుంది అంటారు. నేనూ గేములాడి పెరిగినవాణ్ణే, కాబట్టి కొట్టిపారేయలేను. కానీ బావ అడిగిన ప్రశ్న విన్నాక ఆ పాఠాల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చూడాలనిపించింది.

నిలిచేది ముందు చెబుతాను. నేను అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు క్లాక్ టవర్‌కు కాస్త దూరంలో ఒక నెట్ సెంటర్ ఉండేది. సాయంత్రమైతే నలుగురం చేరి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆడేవాళ్లం. ఊరు కట్టి, దండు కూడగట్టి ఎదుటివాడి మీద యుద్ధానికి పోయే గేము, 1999లో వచ్చింది. మామూలుగా మొదలుపెడితే చేతిలో ముగ్గురు విలేజర్లు (పనిచేసే ఊరివాళ్లు), వాళ్లను పుట్టించే టౌన్ సెంటర్ ఒకటి, 200 ఆహారం ఉంటాయి. ఒక్కో కొత్త విలేజర్‌కు 50 ఆహారం, 25 సెకన్లు ఖర్చు. కొత్తగా వచ్చినవాళ్లు తొందరపడి బ్యారక్స్ (సిపాయిల కొట్టం) కట్టి, ఐదారుగురు సిపాయిలను తయారుచేసి మురిసిపోయేవాళ్లు. ఆట తెలిసినవాడు మాత్రం టౌన్ సెంటర్‌ను ఒక్క నిమిషం ఖాళీగా ఉంచడు. పుట్టిన విలేజర్‌ను గొర్రెల దగ్గరికి పంపుతాడు, ఆ ఆహారంతో ఇంకొకడు, వాడు కట్టెలకు, మళ్లీ ఇంకొకడు. చాలాసేపటిదాకా వాడి ఊళ్లో గొడ్డళ్ల చప్పుడు తప్ప విశేషమేమీ ఉండదు. ఆ తర్వాత ఒక్కసారిగా గుర్రాల దండు మన మీద పడుతుంది. మనకేమో కట్టెలు కూడా ఉండవు.

లెక్కల పుస్తకంలో బుర్రకెక్కని చక్రవడ్డీ నాకు అక్కడ అర్థమైంది. అర్థమైంది కదా అని పాటించానా అంటే అదీ లేదు. మొదటి జీతం వచ్చిన నెలలోనే ఈఎంఐ మీద బండి కొన్నాను. సిపాయిలను తయారుచేసి మురిసిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

బావకు ఈ పాఠం ఏ గేమూ చెప్పనక్కర్లేదు. చీనీ మొక్క నాటాక నాలుగైదేళ్లు చేతికి కాయ రాదు. అంతవరకు మొక్కల మధ్య శెనక్కాయ వేసుకుని ఇల్లు నడుపుకోవాలి. ఈరోజు నీళ్లు, ఎరువు, కూలి పెట్టి ఐదో ఏడు కోసం కాచుకోవడం మా వైపు రైతుకు పుట్టుకతో వచ్చిన విద్య. ఓపిక ఉంటే సంపద వస్తుందన్న మాటే నిజమైతే ఈ జిల్లా ఎప్పుడో కోటీశ్వరుల జిల్లా కావాలి.

గేము అబద్ధమాడేది ఇక్కడే. స్టార్‌డ్యూలో పార్స్‌నిప్ అనే దుంప విత్తనం 20 నాణేలు, నాలుగు రోజుల్లో పంట వస్తుంది, అమ్మితే 35. పది తెచ్చినా అదే ధర, వెయ్యి తెచ్చినా అదే ధర. పత్తికొండ మార్కెట్‌కు టమోటా తోలిన రైతును అడగండి. అందరికీ ఒకేసారి పంట వస్తే గంపకు వచ్చే డబ్బు ఆటో బాడుగకు కూడా చాలక కాయలు రోడ్డు పక్కన పారబోసి ఇంటికి వచ్చిన రోజులుంటాయి. ఇక వాన సంగతి. అనంతపురంలో ఏడాది సగటు 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్తా పడాల్సిన వారంలో పడదు, శెనక్కాయ పీకి కట్టెను కళ్లంలో పెట్టినప్పుడు పడుతుంది. కష్టానికి తగ్గ ఫలితం లెక్కగట్టి ఇచ్చే లోకం గేములోనే ఉంది. అందుకే అక్కడ ఊరటగా ఉంటుంది, అందుకే మా మేనల్లుడు అందులోంచి లేవడు.

అయితే గేములో ఇంకో వసతి ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. స్టార్‌డ్యూలో రాత్రి నిద్రపోతేనే ఆట సేవ్ అవుతుంది. ఆ రోజు ఏదైనా తప్పు జరిగితే పడుకోకుండా గేము మూసేసి, మళ్లీ అదే పొద్దున లేవచ్చు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో చిత్తుగా ఓడినా పోయేది నెట్ సెంటర్‌కు కట్టిన గంట డబ్బులే. ఓడిపోయినా మళ్లీ ఆడగలగడం, నా దృష్టిలో సంపదంటే చాలావరకు ఇదే. బెంగళూరులో ఉద్యోగం పోయిన మా స్నేహితుడికి ఆర్నెల్ల జీతం బ్యాంకులో ఉంది, నాన్న పింఛను ఉంది. వాడు నింపాదిగా ఇంకో ఉద్యోగం వెతుక్కున్నాడు. బావకు మూడో బోరు ఎండినప్పుడు అలాంటి సేవ్ ఏదీ లేదు.

ఆ మూడో బోరు వేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. బోరు పాయింట్ చూపించే ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. ఒకచోట టెంకాయ నిలువుగా లేచింది. రాత్రి పదికి రిగ్ మొదలైంది. అడుగు అడుగుకూ మీటర్ తిరుగుతోంది, పైకి తెల్ల దుమ్మే వస్తోంది. ఎనిమిది వందల అడుగుల దగ్గర ఆపమని అక్క అంది. "ఇంత దూరం వచ్చినాం, ఇంకో వంద చూద్దాం" అన్నాడు బావ. ఆ ఇంకో వంద తర్వాత ఇంకో వంద. గేముల్లో ఇంకొక్క ఆట, ఇంకొక్క ఆట అంటూ తెల్లారేదాకా కూర్చున్న నాకు ఆ గొంతు కొత్తగా అనిపించలేదు.

ఈ జబ్బును పట్టుకుని సొమ్ము చేసుకునే గేములూ ఉన్నాయి. డబ్బు కట్టి పెట్టె తెరవాలి, లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. లూట్ బాక్స్ అంటారు. డబ్బు తీసుకుని తెరిపించే ఈ పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లోనే తేల్చింది. మనవాళ్లకు ఇది కొత్త కాదు. తొలకరి చినుకు పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో వందలమంది తల వంచుకుని వజ్రాలు వెతుకుతుంటారు. రాయి దొరికినవాడి కథ మరుసటి రోజు పేపర్లో వస్తుంది, దొరకనివాళ్ల కథ ఏ పేపర్లోనూ రాదు. అయినా ఆ వెతుకులాటకు ఒక గట్టు ఉంది. పోయేది ఆ రోజు కూలి, బస్సు చార్జీ. పొద్దు గూకితే కళ్లు కనపడక ఇంటికి రావాల్సిందే. ఫోన్‌లో రమ్మీకి పొద్దు గూకడం లేదు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే దాన్ని నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ గేములన్నిటినీ ఆపే చట్టం తెచ్చింది. అయినా ఏవో లింకులు వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తూనే ఉన్నాయి.

సుఖం సంగతి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ చీట్ కోడ్లే, అంటే కష్టపడకుండా గెలిపించే దొంగ మాటలే, చెప్పేశాయి. ఒంటరిగా ఆడేటప్పుడు రాబిన్ హుడ్ అని టైప్ చేస్తే వెయ్యి బంగారం వచ్చి పడేది. ఇంకో కోడ్ కొడితే మధ్యయుగాల కోటల మధ్యకు తుపాకులతో ఒక స్పోర్ట్స్ కారు వచ్చేది. మాకు కోడ్లు దొరికిన వారం పండగ. రెండో వారం ఆ గేము ముందు ఎవరూ కూర్చోలేదు.

స్టార్‌డ్యూలో తాత మనకు పొలం వదిలి చనిపోతాడు. మూడో ఏడు మొదట్లో ఆత్మగా వచ్చి మనం ఎలా బతికామో మార్కులు వేస్తాడు. మొత్తం 21. అందులో సంపాదనకు ఏడు. మిగతావి ఊరివాళ్లతో స్నేహానికి, పెళ్లికి, నేర్చిన పనికి, పాడుబడ్డ కమ్యూనిటీ సెంటర్‌ను బాగు చేసినందుకు. మేనల్లుడు ఇది చెబితే బావ నవ్వాడు. "అప్పులోళ్లు ఇంటికి రాకుంటే ఆ ఏడు కూడా నాకొద్దులే అప్పా" అన్నాడు.

రెండో రోజు రాత్రి చూస్తే ఫోన్ బావ చేతిలో ఉంది. అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, ఒక్కో మొక్కకు నీళ్లు పోస్తున్నాడు. క్యాన్ ఖాళీ కాగానే చెరువు దగ్గరికి నడిపించి మళ్లీ నింపుకుంటున్నాడు.

"నాయినా, స్ప్రింక్లర్ పెట్టుకుంటే అదే పోస్తాది. నీకెందుకు ఆ పని?" అన్నాడు మేనల్లుడు.

బావ తలెత్తలేదు. "నీళ్లుండాయి కదరా, పొయ్యనీ."