చెక్ ఇంజన్ లైట్ ఆరినంత మాత్రాన బండి బాగైనట్టు కాదు

పాత కార్లు నడిపేవాళ్ల మధ్య ఒక సలహా బాగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: చెక్ ఇంజన్ లైట్ వెలిగితే కంగారు పడక్కర్లేదు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి పావుగంట వదిలేస్తే లైట్ పోతుంది, బండి బాగైనట్టే. మళ్లీ వెలిగితే స్కానర్ (బండి కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్లు చదివే పరికరం) పెట్టి, కోడ్‌లో ఏ పార్ట్ పేరు వస్తే అది మార్చేయండి. స్కానర్ తగిలించే 16 పిన్నుల సాకెట్ లేని మరీ పాత బండి అయితే కోడ్లు చూసే దారే లేదు. అమ్మే ముందు కోడ్లన్నీ చెరిపేస్తే కొనేవాళ్లకు ఏమీ తెలియదు.

ఇందులో ప్రతి మాటా ఎవరో ఒకరికి ఎప్పుడో ఒకసారి పనిచేసినట్టు కనిపించే ఉంటుంది. అందుకే ఇంతమంది నమ్ముతున్నారు. కానీ ఇలా చేస్తే బాగానే ఉన్న సెన్సర్లు చెత్తబుట్టలోకి పోతాయి, అసలు లోపం ముదిరిపోతుంది. ఒక్కో మాటా విడిగా తీసుకుని చూద్దాం.

"బ్యాటరీ వైరు తీస్తే లైట్ పోతుంది, బండి బాగైనట్టే"

మొదటి సగం చాలా పాత బండ్లలో నిజమే. 1980లు, 90ల నాటి ఈసీయూల్లో (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్లలో) కోడ్లు దాచుకునే మెమరీకి, తాళం తీసేసినా బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందుతూ ఉంటుంది. ఆ కరెంటు ఆగితే మెమరీ ఖాళీ అవుతుంది. తర్వాత వచ్చిన ఈసీయూలు చాలావరకు కరెంటు లేకపోయినా చెరగని మెమరీలో కోడ్లు రాసుకుంటాయి. వాటిలో రాత్రంతా వైరు తీసి ఉంచినా కోడ్ అక్కడే ఉంటుంది.

రెండో సగం ఏ బండికీ వర్తించదు. ఓబీడీ-2 (బండి తన లోపాలను తానే పరీక్షించుకుని రాసుకునే ప్రామాణిక పద్ధతి) ఉన్న బండ్లలో చాలా లోపాలకు ఈసీయూ మొదటిసారే లైట్ వెలిగించదు. ఒక ట్రిప్పులో (ఇంజన్ స్టార్ట్ చేసి, నడిపి, ఆపేలోగా) లోపం కనిపిస్తే పెండింగ్‌గా రాసుకుంటుంది, తర్వాతి ట్రిప్పులో మళ్లీ కనిపిస్తేనే లైట్ వేస్తుంది. కొన్ని పరీక్షలు రోజూ జరగవు కూడా. పెట్రోల్ ఆవిరి లీకుల పరీక్షే చూడండి. ఇంజన్ చల్లగా స్టార్ట్ అవ్వాలి, ట్యాంకు మరీ ఖాళీగానో మరీ నిండుగానో ఉండకూడదు. అందుకే చెరిపేశాక నాలుగైదు రోజులు లైట్ రాకపోతే లోపం పోయిందని కాదు, ఆ పరీక్ష ఇంకా జరగలేదని అర్థం కావచ్చు.

ఇక వైరు తీసినప్పుడు ఏం పోతుందో ఆ సలహాలో ఎక్కడా ఉండదు. ఇంజన్‌కు ఎంత ఇంధనం ఎక్కువ తక్కువ ఇవ్వాలో ఈసీయూ నెలల తరబడి నేర్చుకున్న లెక్క చాలా బండ్లలో పోతుంది. ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) లెక్క పోతుంది, అందుకే కొన్ని బండ్లు ఆ తర్వాత కొంతసేపు సిగ్నల్ దగ్గర వణుకుతాయి, ఆగిపోతాయి కూడా. సెక్యూరిటీ కోడ్ ఉన్న రేడియో లాక్ అవుతుంది.

వీటన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఫ్రీజ్ ఫ్రేమ్ పోవడం. లోపం నమోదైన క్షణంలో ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎంల దగ్గర ఉంది, బండి ఎంత వేగంలో ఉంది, కూలెంట్ ఎంత వేడిగా ఉంది, లోడ్ ఎంత, ఇంధనం సర్దుబాటు ఎంత అన్నవి ఓబీడీ-2 ఈసీయూ కోడ్‌తో పాటు రాసిపెడుతుంది. అప్పుడప్పుడూ వచ్చిపోయే లోపానికి ఇంతకు మించిన ఆధారం దొరకదు. చల్లటి ఇంజన్‌లో ఐడిల్ దగ్గర వచ్చిన మిస్‌ఫైర్‌ను (సిలిండర్లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడాన్ని) వెతికే చోటు వేరు, హైవే మీద ఫుల్ లోడులో వచ్చిన మిస్‌ఫైర్‌ను వెతికే చోటు వేరు. వైరు తీయడం వల్ల కోడ్ చెరిగినా, స్కానర్‌లో చెరిపే బటన్ నొక్కినా ఆ వివరమంతా ఒక్కసారిగా పోతుంది. ఏ కోడ్ అయినా సరే, చెరిపే ముందు ఫోన్లో ఫోటో తీసుకోండి లేదా కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత మెకానిక్ దగ్గరకు వెళ్లినా ఆయనకు సగం పని తగ్గుతుంది.

ఇంకో సంగతి. రిపేరు నిజంగా జరిగితే లైట్‌ను మనం ఆర్పక్కర్లేదు. ఓబీడీ-2లో వరసగా మూడు ట్రిప్పులు ఆ పరీక్ష పాసైతే లైట్ దానంతట అదే ఆరిపోతుంది. ఇంజన్ 40 సార్లు చల్లారి మళ్లీ వేడెక్కేలోగా లోపం తిరిగి రాకపోతే, మామూలు కోడ్లు మెమరీలోంచి కూడా పోతాయి.

"కంగారు పడక్కర్లేదు"

లైట్ నిలకడగా వెలిగితే నిజంగానే అంత టెన్షన్ అక్కర్లేదు, రెండు మూడు రోజుల్లో చూపించుకోవచ్చు. కానీ ఓబీడీ-2 బండి నడుస్తుండగా లైట్ కొట్టుకుంటూ ఉంటే, క్యాటలిటిక్ కన్వర్టర్‌ను (ఎగ్జాస్ట్ పొగను శుభ్రం చేసే భాగాన్ని) పాడుచేసేంత తీవ్రంగా మిస్‌ఫైర్ అవుతోందని అర్థం. సిలిండర్లో కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, లోపలి భాగం కరిగిపోయేంత వేడి పుడుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ వదిలి, వీలైనంత త్వరగా పక్కకు తీసి ఆపాలి.

"16 పిన్నుల సాకెట్ లేకపోతే కోడ్లు చూడలేం"

ఇది పూర్తిగా తప్పు. అమెరికాలో ఓబీడీ-2 తప్పనిసరి అయింది 1996 మోడళ్ల నుంచి. యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి. అంతకు ముందు కార్లలో కూడా కంప్యూటర్ ఉంది, లోపాలు రాసుకుంది. వాటిని చదవడానికి చాలావాటికి స్కానరే అక్కర్లేదు, లైట్ ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెడితే సరిపోతుంది.

ఆ కాలపు జనరల్ మోటార్స్ కార్లలో డ్యాష్‌బోర్డు కింద ఉండే 12 పిన్నుల సాకెట్లో ఏ, బీ టెర్మినళ్లను చిన్న వైరుతో కలిపి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేస్తే లైట్ కోడ్లు చెబుతుంది. ముందుగా 12 (ఒకసారి వెలిగి, కాస్త ఆగి, రెండుసార్లు వెలగడం) మూడుసార్లు వస్తుంది. చాలామంది దాన్ని చూసి డిస్ట్రిబ్యూటర్ పోయిందనుకుంటారు. ఇంజన్ తిరగడం లేదు కాబట్టి డిస్ట్రిబ్యూటర్ సిగ్నల్ రావడం లేదని మాత్రమే దాని అర్థం. అంటే పరీక్ష సరిగ్గా మొదలైందన్నమాట. అసలు కోడ్లు ఆ తర్వాత వస్తాయి. టొయోటాల్లో డయాగ్నస్టిక్ కనెక్టర్లో టీఈ1, ఈ1 కలపాలి. లైట్ ఆగకుండా ఒకే లయలో కొట్టుకుంటే కోడ్లేమీ లేవని లెక్క. హోండాల్లో రెండు పిన్నుల సర్వీస్ కనెక్టర్ ఉంటుంది, పొడవుగా వెలిగినవి పదులు, పొట్టిగా వెలిగినవి ఒకట్లు. కొన్ని పాత నిస్సాన్లలో ఈసీయూ మీదే చిన్న స్క్రూ, ఎర్ర, ఆకుపచ్చ దీపాలు ఉంటాయి.

క్రైస్లర్ కార్లలో వైరు కూడా అక్కర్లేదు. ఐదు సెకన్లలో తాళాన్ని ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్, ఆన్ చేస్తే చాలు, కోడ్లు వరసగా వచ్చి చివర 55తో ముగుస్తాయి. వాటిలో 12 వచ్చిందంటే ఈ మధ్య బ్యాటరీ వైరు తీశారని అర్థం. ఆ సలహా పాటించినవాళ్లు చేసిన పనిని ఆ పాత కంప్యూటర్ స్వయంగా రాసి పెట్టుకుంటుంది.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. ఏ రెండు పిన్నులు కలపాలో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూడకుండా వైరు పెట్టకండి. కరెంటు ఉన్న పిన్ను తగిలితే ఫ్యూజుతో పోవచ్చు, ఈసీయూ కూడా పోవచ్చు. అలాగే 16 పిన్నుల సాకెట్ కనిపించినంత మాత్రాన అది ఓబీడీ-2 అని అనుకోవద్దు. 1994, 95 నాటి కొన్ని కార్లకు సాకెట్ కొత్తది, లోపలి భాష పాతది. మామూలు స్కానర్ కనెక్ట్ కాకపోతే స్కానర్ చెడిందని తిట్టుకోకుండా బానెట్ కింద ఎమిషన్ స్టిక్కర్ చదవండి. అమెరికా మార్కెట్ కార్లలో ఏ ఓబీడీయో దాని మీదే రాసి ఉంటుంది.

"కోడ్ ఏ పార్ట్ పేరు చెబితే అది మార్చండి"

అన్నిటికంటే ఎక్కువ డబ్బు తగలేసేది ఈ మాటే. కోడ్ పార్ట్ పోయిందని చెప్పదు. ఫలానా సర్క్యూట్ లేదా ఫలానా కొలత ఉండాల్సిన హద్దు దాటిందని చెబుతుంది. ఎందుకు దాటిందో మనం వెతకాలి.

పీ0171 తీసుకోండి. మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని దాని అర్థం. ఈ సంగతి ఈసీయూకు చెప్పింది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి జనం వెంటనే దాన్నే మారుస్తారు. చాలాసార్లు ఆ సెన్సర్ నిజమే చెప్పి ఉంటుంది. చిట్లిన వ్యాక్యూమ్ హోస్ (ఇంజన్ గాలి పీల్చే దారికి కలిసి ఉండే గొట్టం) కావచ్చు, మురికి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సర్ కావచ్చు, నీరసించిన పెట్రోల్ పంపు కావచ్చు, సెన్సర్ కంటే ముందు ఎగ్జాస్ట్‌లో లీకు కావచ్చు. వీటిని విడదీయడానికి స్కానర్‌లో ఇంధనం సర్దుబాటు అంకెలు (ఈసీయూ పెట్రోల్ ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూపేవి) చూడాలి. ఐడిల్‌లో బాగా ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు వస్తే వ్యాక్యూమ్ లీకును అనుమానించాలి. ఐడిల్‌లో బాగానే ఉండి లోడు పెరిగేకొద్దీ పెరిగితే పంపు, ఫిల్టర్, ఎయిర్ ఫ్లో సెన్సర్ వైపు వెళ్లాలి. కొత్త ఆక్సిజన్ సెన్సర్ వేసినా ఈ అంకెలు మారవు.

పీ0118 ఇంకా తేలిక. కూలెంట్ టెంపరేచర్ సర్క్యూట్‌లో వోల్టేజి ఎక్కువగా ఉందని అర్థం, అంటే ఎక్కడో తెగింది. స్కానర్‌లో మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తుంది. సెన్సర్ కనెక్టర్ ఊడదీసి దాని రెండు టెర్మినళ్లను చిన్న వైరుతో కలపండి. స్కానర్‌లో అంకె ఒక్కసారిగా వంద దాటి ఎగిరితే వైరింగ్, ఈసీయూ బాగున్నాయి, సెన్సర్ మార్చొచ్చు. కదలకపోతే తీగ ఎక్కడో తెగింది, లేదా కనెక్టర్లో తుప్పు ఉంది. ముప్పై ఏళ్ల బండిలో వైర్లు గట్టిపడి పగులుతాయి, ఎర్త్ పాయింట్లు తుప్పు పడతాయి, కాబట్టి ఈ రెండో సంగతి తక్కువేమీ కాదు.

కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదనే పీ0420 వస్తే కన్వర్టర్ మార్చమంటారు. ముందున్న ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజి 0.1, 0.9 మధ్య ఊగుతుంటే వెనకది దాదాపు నిలకడగా ఉండాలి. వెనకది కూడా ముందుదానిలా ఊగితే ఈ కోడ్ వస్తుంది. ఎగ్జాస్ట్ లీకు వల్లా రావచ్చు. ఒకవేళ కన్వర్టర్ నిజంగానే పోయినా, దాన్ని చంపిన మిస్‌ఫైర్‌నో, ఆయిల్ కాలడాన్నో వదిలేసి కొత్తది బిగిస్తే అదీ ఎక్కువ కాలం బతకదు.

"అమ్మే ముందు చెరిపేస్తే తెలియదు"

తెలుస్తుంది. ఓబీడీ-2లో కోడ్లు చెరిపితే స్వీయ పరీక్షల ఫలితాలూ చెరుగుతాయి. స్కానర్‌లో రెడీనెస్ అన్న చోట చాలావాటికి "పూర్తి కాలేదు" అని ఉంటే, ఈ మధ్యే ఎవరో చెరిపారనో, బ్యాటరీ తీశారనో అర్థం. చెరిపాక బండి ఎంత దూరం తిరిగిందో చూపే లెక్క కూడా చాలా బండ్లలో ఉంటుంది. 2010 తర్వాతి అమెరికా మోడళ్లలో పర్మనెంట్ కోడ్లు వచ్చాయి, వాటిని స్కానర్‌తో చెరపలేం. లోపం పోయిందని బండి స్వయంగా నిర్ధారించుకుంటేనే అవి పోతాయి.

ఓబీడీ-2 కంటే పాత బండి కొంటుంటే ఈ సదుపాయాలు ఉండవు. తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా డ్యాష్‌బోర్డు చూడండి. చెక్ ఇంజన్ లైట్ అప్పుడు వెలగాలి. వెలగకపోతే బల్బు మాడి ఉండాలి, లేదా ఎవరో తీసేసి ఉండాలి. బల్బు వేయించి, కోడ్లు లెక్కపెట్టి, ఓ అరగంట నడిపి మళ్లీ లెక్కపెట్టాకే బేరం మొదలుపెట్టండి.